గబ్బిలమునకు ప్రత్యుత్తరము

ఒక మనుష్యుడు తన బ్రతుకును తానే చెప్పుకొనునప్పుడు వినువాని నాలుకపై రెండు మాటలు ఎల్లప్పుడును సిద్ధముగా నుండును. ఒకటి 'అయ్యో', రెండవది 'శభాష్'. కష్టము వినగానే మొదటి మాట, ఆ కష్టమును దాటినాడని వినగానే రెండవ మాట వచ్చును. రెండును మంచి మాటలే. మనసు లేనివాడు ఈ పాటియైనను పలుకడు. కాని వీనిలో ఏది పలికినను సంభాషణ అంతటితో ముగిసిపోవును. చెప్పువాడు చెప్పవలసినది ఇంకను మిగిలియుండగనే, విన్నవాడు తన బాధ్యత తీరినదని లేచిపోవును.

మన పాఠశాలలలో ఇది నిత్యము జరుగుచున్న వ్యవహారము. 'మా ఊరు', 'నా బాల్యము', 'మా ఇంటి పండుగ', 'నేనెదుర్కొన్న కష్టము' అను శీర్షికలతో వ్యాసములు వ్రాయింపని తెలుగు ఉపాధ్యాయుడు లేడు. వ్రాయని విద్యార్థియు లేడు. వ్యాసమెట్లు వ్రాయవలెనో బోధించు పుస్తకములు దండిగా కలవు. ఆ వ్యాసమును చదివినవాడు ఎట్లు బదులు చెప్పవలెనో మాత్రము మనము అంతగా ఆలోచింపము. ఎఱ్ఱ సిరాతో రెండు అచ్చుతప్పులు దిద్ది, క్రింద 'బాగున్నది' అని వ్రాసి, పదికి ఏడు మార్కులు వేసి ప్రక్కన పెట్టుదుము. తన పేరు, తన కులము, తన ఊరు, తన ఇంటి ఆకలి ఒక కాగితముపై పెట్టి మన చేతికిచ్చిన పిల్లవానికి అది జవాబగునా?

వినుకొండ కవికి దొరకిన జవాబులు

ఈ ప్రశ్నకు పల్నాటి సీమయందే ఒక గొప్ప పాఠము కలదు. గుర్రం జాషువా కవి 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించిరి. నరసరావుపేట కేంద్రముగా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఆ ఊరు నేడున్నది. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ కులమున పుట్టినది. ఇంటి మతము క్రైస్తవము. ఆ బాలుని మనస్సు మాత్రము తెలుగు పద్యమునకును, సంస్కృత కావ్యమునకును అంకితమైపోయినది. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి వద్ద మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదువుకొనిరి. చిన్ననాడు మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడైరి. ఆ కొలువు పోయినది. తెరపై బొమ్మ కదలుటయే గాని మాట వినబడని మూగచిత్రముల కాలమున రాజమహేంద్రవరము పోయి, తెరప్రక్క నిలిచి కథను, సంభాషణలను చదివి వినిపించు పనిచేసిరి. తరువాత గుంటూరులో పది సంవత్సరములు లూథరను ఉపాధ్యాయ శిక్షణాలయమునందును, 1928 నుండి 1942 వఱకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగను పనిచేసిరి. అనగా ఆయన కవి యగుటయే కాదు, మనలో ఒక బడిపంతులు కూడ.

ఈ జీవితమునే ఆయన 'నా కథ' అను పేరుతో పద్యములలో వ్రాసిరి. ఆ జీవితమునకు, ఆ కవిత్వమునకు లోకమిచ్చిన జవాబులను పరిశీలించినచో, ఒకని ఆత్మకథకు బదులు చెప్పు తీరులన్నియు మనకు అందులోనే కనబడును.

మొదటి జవాబు తలుపు మూయుట. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువా పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికెట్లు రానిచ్చితిరని కొందరు ఆయనను అవమానించిరి. ఆ పద్యములలో యతిదోషము కలదని గాని, భావము చాలదని గాని వారు అనలేదు. పద్యమును వినకయే, పద్యము చదివినవానిని చూచి చెప్పిన జవాబది. మరియొక వైపున, క్రైస్తవుడై యుండి హిందూ పురాణ కథలను వ్రాయుచున్నాడని క్రైస్తవ పెద్దలు కొందరు నిరసించిరి. ఒకరికి ఆయన చాలినంత హిందువు కాడు. మరియొకరికి చాలినంత క్రైస్తవుడు కాడు. ఎవరికి వారే ఆయన ఎట్లుండవలెనో ముందుగా నిర్ణయించుకొని, అట్లు లేడని కోపించిరి.

రెండవ జవాబు మెప్పువలె కనబడును. 'ఆ కులమున పుట్టియు ఎంత చక్కని పద్యము వ్రాసినాడు!' అను మాట నేటికిని మన ఉపన్యాస వేదికలపై వినబడుచున్నది. ఆ 'పుట్టియు' అను చిన్న పదములోనే అవమానమంతయు దాగియున్నది. ఆ కులమున పుట్టినవానికి పద్యము రాదని మొదట నమ్మినవాడే అట్లు ఆశ్చర్యపడగలడు.

మూడవ జవాబు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారిది. తిరుపతి వేంకటకవులలో ఒకరుగా, శతావధానిగా తెలుగునేల నలుమూలల కీర్తి పొందిన ఆ వృద్ధ పండితుడు సభలో జాషువా పాదమునకు తన చేతులతో గండపెండేరము తొడిగిరి. గండపెండేరము జాలిపడి ఇచ్చు వస్తువు కాదు. పద్యవిద్యలో గెలిచినవానికి విద్వాంసులిచ్చు గౌరవచిహ్నము. అంటరానిదని లోకము దూరముంచిన దేహమును, పద్యమునకు న్యాయాధిపతియైన పండితుడు, పద్యమే కారణముగా, సభ యెదుట తాకినాడు. ఆ ఒక్క పనిలో రెండు జవాబులు కలవు: పద్యమునకు ఒకటి, మనుష్యునకు ఒకటి. ఒకదానిని చెప్పి రెండవదానిని ఆయన దాటవేయలేదు.

సందేశమని ఎందుకన్నారు?

1941లో వెలువడిన 'గబ్బిలము' కావ్యమును మన విద్యార్థులెల్లరును ఎఱుగుదురు. గుడిలో అడుగు పెట్టుటకు వీలులేని ఒక పేదవాడు, తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలముతో తన గోడు చెప్పుకొని, దానిని కాశీలోని విశ్వనాథుని వద్దకు పంపును. గబ్బిలమునకు గుడిలో తలక్రిందులుగా వ్రేలాడుటకు అనుమతి కలదు, మనుష్యునికి లేదు. కాళిదాసు మేఘమును దూతగా పంపిన మార్గమునే ఈ కవి పట్టినాడు. కాని మేఘమునకు బదులుగా, చూచినంతనే అపశకునమని జనులు తరిమివేయు ప్రాణిని దూతగా ఎన్నుకొన్నాడు.

ఇక్కడ పాఠకుడు రెండు విధముల తప్పిపోవచ్చును. 'పాపము, ఎంత బాధపడినాడో' అని మాత్రమే అన్నవాడు కాళిదాసును తలక్రిందులు చేసిన ఆ నేర్పును చూడలేదు. హనుమచ్ఛాస్త్రిగారి వద్ద నేర్చిన మేఘసందేశము ఏ పనికి వచ్చినదో గ్రహింపలేదు. 'ఎంత చక్కని ధార, ఎంత చక్కని కల్పన' అని మాత్రమే అన్నవాడు మూసియున్న గుడితలుపును చూడలేదు. కష్టమును విని వాక్యమును విడువరాదు; వాక్యమును మెచ్చి కష్టమును దాటరాదు. స్వీయగాథకు బదులు చెప్పువానికి ఇదియే ప్రథమ సూత్రము.

పేదరికము, కులమతభేదము అను రెండును తన గురువులని జాషువా చెప్పుకొనిరి. మొదటి గురువు సహనమును నేర్పినాడట; రెండవ గురువు ఎదిరించు శక్తిని పెంచినాడే గాని తనను బానిసగా మార్చలేకపోయినాడట. ఈ మాటను మన పాఠశాలలలో తరచుగా చెప్పుదురు. కాని చెప్పునప్పుడు ఒక పొరపాటు దొర్లుచున్నది. 'చూడుడు, కష్టములే మనుష్యుని గొప్పవానిని చేయును' అని నీతి తీసి, ఆ గురువులిద్దరిని పూజార్హులను చేయుచున్నాము. ఆ గురువుల చేతిలో చదువు మానినవారు, పద్యము వ్రాయకయే చనిపోయినవారు ఎందరో! కష్టము దాటిన ఒక్కని కథను చూపి కష్టమును సమర్థించుట కంటె అన్యాయమైన జవాబు లేదు.

సాక్ష్యమడిగినవారు, తత్త్వము వలదన్నవారు

ఇది పల్నాటికే చెందిన సంగతి కాదు. తమ బ్రతుకును తాము వ్రాసుకొన్న అణగారినవారికి లోకమంతటను ఇట్టి జవాబులే దొరకినవి.

ఫిలిస్ వీట్లీ అను బాలికను ఆఫ్రికా నుండి 1761లో బానిసల ఓడలో అమెరికాలోని బోస్టను నగరమునకు తెచ్చిరి. ఆమె ఇంగ్లీషు నేర్చి పద్యములు వ్రాసినది. 1773లో ఆ పుస్తకము లండనులో అచ్చైనప్పుడు, ఈ పద్యములు నిజముగా ఆమెయే వ్రాసినదని బోస్టను నగర ప్రముఖులు 18 మంది సంతకములు చేసిన ధ్రువపత్రమును ముందుపుటలలో చేర్చవలసివచ్చినది. కవిత్వమును చదువుటకు ముందే కవికి సాక్షులు కావలసివచ్చిరి. మన తరగతిలో వెనుక బల్లపై కూర్చుండు పిల్లవాడు మంచి వ్యాసము వ్రాసి తెచ్చినపుడు 'ఇది ఎవరు వ్రాసియిచ్చినారురా?' అని అడుగు ఉపాధ్యాయుడు ఆ 18 సంతకములనే మరల అడుగుచున్నాడు.

ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా పుట్టి, 1838లో తప్పించుకొనిపోయి, బానిసత్వ నిర్మూలన సభలలో తన కథ చెప్పుచుండెను. ఇంత చక్కగా మాటలాడువాడు బానిసయై యుండునా అని కొందరు సందేహించిరి. అందుకు జవాబుగా 1845లో తన జీవితకథను, యజమానుల పేర్లతో, ఊళ్ల పేర్లతో అచ్చు వేయించెను. ఆ పేర్లు చెప్పుటచే మరల పట్టుబడు ప్రమాదము కలిగి కొంతకాలము ఐర్లండు, ఇంగ్లండులలో తలదాచుకొనవలసివచ్చినది. 1855లో వ్రాసిన రెండవ పుస్తకములో ఆయన మరియొక విచిత్రమైన సంగతి చెప్పెను. సందేహించిన శత్రువులు ఒక వైపు నుండగా, ప్రేమించిన మిత్రులు ఆయనతో, 'నీవు జరిగిన సంగతులు మాత్రము చెప్పుము. దాని తత్త్వమును మేము చూచుకొందుము' అను భావము వచ్చునట్లు మాటలాడిరట. వారికి ఆయన వీపుపైని కొరడాదెబ్బలు కావలెను. ఆయన బుఱ్ఱలోని ఆలోచన అక్కఱలేదు.

ఈ సంగతి ఉపాధ్యాయుడు తనకు తానుగా అన్వయించుకొనవలసినది. విద్యార్థి తన కష్టమును వ్రాసినచో మనము కంటతడి పెట్టుదుము. ఆ కష్టము ఎందుకు వచ్చినదని ఆ పిల్ల తలంచుచున్నదో మాత్రము అడుగము. కారణమును మనమే చెప్పుదుము, నీతిని మనమే తీయుదుము. సంగతి వారిది, తత్త్వము మనది!

పలనాటి పౌరుషము

కష్టము తరువాత రెండవది సంస్కృతి. తానెవరో, తనవారెవరో చెప్పుకొను వ్యాసములకు పల్నాటిలో ఒక సిద్ధమైన మాట కలదు: 'పలనాటి పౌరుషము'. మాచెర్ల, గురజాల, కారంపూడి పిల్లవానిని తన ఊరిని గూర్చి వ్రాయుమనినచో బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపోరు, బాలచంద్రుడు వరుసగా వచ్చి నిలిచెదరు. తప్పులేదు, అది వాని ఊరి కథయే. కాని ఆ కథ ఎవరి నోట బ్రతికినదో వాడు వ్రాయుట అరుదు. మనమడుగుట ఇంకను అరుదు.

12వ శతాబ్దమునాటి ఆ యుద్ధకథను శ్రీనాథుడు ద్విపదగా వ్రాసెనని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని అచ్చులోనికి తెచ్చిరి. కాని అంతకు ముందును, ఆ తరువాతను, కారంపూడిలో ఏటేట జరుగు వీరుల ఉత్సవములలో ఆ కథను పాడి నిలబెట్టినవారు వీరవిద్యావంతులు. వారు మాలకులమునకు చెందిన గాయకులు. జీన్ రోఘైర్ అను అమెరికను పండితుడు పల్నాటికి వచ్చి, వారు పాడగా విని, 1982లో ఇంగ్లీషున ఒక గ్రంథము వెలువరించెను. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒక పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని ఆ కథ చెప్పుచున్నది. మాల కన్నమదాసును ఆయన తన కొడుకువలె చూచుకొనెననియు చెప్పుచున్నది. అట్టి కథ పుట్టిన సీమలోనే, ఏడు వందల ఏండ్ల తరువాత, వినుకొండ సభలో ఒక కవిని కులమడిగిరి.

కనుక 'మేము చాపకూడు తిన్న వీరుల వారసులము' అని పిల్లవాడు వ్రాసినప్పుడు 'శభాష్' అని దాటిపోరాదు. 'మీ ఊరిలో పెండ్లిభోజనమునకు అందరును ఒక పంక్తిని కూర్చుందురా?' అని అడుగవలెను. అది ఆ పిల్లవాని గర్వమును తగ్గించుటకు కాదు. ఆ గర్వమునకు తగిన పనిని చూపుటకు. సంస్కృతి తాతలు కుట్టించియిచ్చిన అంగరఖా కాదు, తొడుగుకొని నిలుచుండుటకు. తాతలు అడిగి వదలిన ప్రశ్నను మనుమడు మరల అడుగుటయే సంస్కృతి.

భాష విషయమునను ఇట్లే. ఇంటిమాట వ్యాసములోనికి వచ్చినపుడు దానిని వెంటనే కొట్టివేయుట మనకు అలవాటు. పొలము మాటకు, వంటయింటి మాటకు పుస్తకపు మాట ఎప్పుడును సరిగా సరిపోదు. గిడుగు వేంకటరామమూర్తిగారు (1863-1940) పర్లాకిమిడిలో సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని పాటుపడిరి. పిల్లవాని నోటిమాటను గౌరవించుట పాఠశాలకు మొదటి ధర్మమని ఆయన జీవితమే బోధించుచున్నది.

ఒక వ్యాసము, దానికి జవాబు

ఇక తరగతిలోనికి వత్తము. ఒక ఉదాహరణను ఊహింతము. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక 'మా ఇల్లు' అను వ్యాసము వ్రాసినది. మిరపతోటల సీమ అది. వ్యాసము పది పంక్తులు. అక్షరములు వంకర. మొదటి తొమ్మిది పంక్తులు గైడుపుస్తకపు వాక్యములు: ఇల్లు స్వర్గసీమ, తల్లి దేవత, ఇత్యాదులు. పదవ పంక్తిలో, 'మిరపకోతకు పోయివచ్చిన నాడు అమ్మ మా చెల్లి ముఖము తాకదు' అని వ్రాసి నిలిపివేసినది.

ఈ వ్యాసమునకు ఎన్ని విధముల బదులు చెప్పవచ్చును! ఒక ఉపాధ్యాయుడు అక్షరదోషములు దిద్ది మార్కులు వేయును. పదవ పంక్తి ఆయన కంటబడదు. మరియొకరు 'పాపము' అని నిట్టూర్చును. ఇంకొకరు 'తల్లి కష్టమును తలచుకొని బాగుగా చదువుకొనుము' అని నీతి వ్రాయును. మరియొకరు, మంచి ఉద్దేశముతోనే, తరగతిలో నలుబదిమంది యెదుట ఆ వ్యాసమును బిగ్గరగా చదివి వినిపించును; మరునాటి నుండి ఆ బాలికను తోటివారు 'మిరపకోత' అని పిలుతురు.

ఐదవ ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? ఆ పదవ పంక్తి క్రింద గీత గీయవలెను. 'ఈ వాక్యము ఎవరును నీకు నేర్పినది కాదు. నీవు చూచి వ్రాసినది. చేతికి అంటిన కారపు మంటను ఆ మాట పలుకకయే చెప్పినావు. మొదటి తొమ్మిది వాక్యములు లేకున్నను వ్యాసము నిలుచును' అని వ్రాయవలెను. అది వాక్యమునకు జవాబు. పిమ్మట ఒక ప్రశ్న వ్రాయవలెను: 'అట్లయిన ఆ దినములలో చెల్లి ముఖము కడుగువారెవరు?'

ఆ పిల్ల మరల వ్రాసి తెచ్చును: 'నేనే కడుగుదును. చెల్లికి తినిపించి, నిద్రపుచ్చి, పొద్దున నీళ్లు పట్టి వత్తును.' అప్పుడు ఉపాధ్యాయునికి హాజరుపట్టీలో ఆ పేరునకు ఎదురుగా, కోతల దినములలో, ఆలస్యపు గుర్తులు ఎందుకున్నవో తెలియును. గంట కొట్టిన తరువాత వచ్చినదని ఎన్ని దినములు తలుపు బయట నిలువబెట్టినారో జ్ఞప్తికి వచ్చును. వ్యాసమునకు చెప్పవలసిన అసలు జవాబు అప్పుడు ఎఱ్ఱ సిరాతో కాక, హాజరుపట్టీలో చెప్పవలసియుండును. ప్రధానోపాధ్యాయునితో మాటలాడి చెప్పవలసియుండును. ఒక ప్రశ్న చేయగల పని ఇది. 'అయ్యో' అను మాటకు ఈ శక్తి లేదు.

దీనినుండి కొన్ని నియమములను ఏర్పరచుకొనవచ్చును.

కష్టమునకు మార్కులు వేయరాదు, వ్రాతకు వేయవలెను. ఎక్కువ కష్టపడినవారికి ఎక్కువ మార్కులని తెలిసినచో పిల్లలు కష్టములను కల్పించి వ్రాయుట నేర్చుకొందురు. సుఖముగా పెరిగిన పిల్లవాడు తనకు చెప్పవలసినదేమియు లేదని కలము ప్రక్కన పెట్టును. కన్ను తెరచి చూచినవానికి ఏ ఇంటిలోనైనను వ్యాసమున్నది.

గెలుపుతో ముగింపుమని బలవంతము చేయరాదు. 'చివరకు నేను విజయము సాధించితిని' అను వాక్యము లేనిదే వ్యాసము పూర్తి కాదను భ్రమ మనలో పాతుకొనిపోయినది. పదమూడేండ్ల పిల్లకు కష్టము ఇంకను తీరకయుండవచ్చును. తీరలేదని నిజము వ్రాసిన వ్యాసము, తీరినదని అబద్ధమాడిన వ్యాసము కంటె గొప్పది.

వ్రాసినవారి అనుమతి లేనిదే వారి కథను ఇతరులకు చదివి వినిపింపరాదు. ఆ కాగితము మనకిచ్చినది మన మీది నమ్మకముతో, సభకు కాదు.

ఒక్క సందర్భమున మాత్రము వాక్యమును మరచిపోవలెను. కొట్టుచున్నారనియో, చదువు మాన్పించి పెండ్లి చేయనున్నారనియో, ప్రాణముపై విరక్తి కలిగినదనియో వ్యాసములో సూచన కనబడినచో, అది వ్యాసము కాదు, పిలుపు. కలము దించి, ఆ పిల్లవానితో ఏకాంతమున మాటలాడి, ప్రధానోపాధ్యాయునికి చెప్పి, అవసరమైనచో బాలల సహాయమునకు ఏర్పడిన 1098 నంబరునకు ఫోను చేయవలెను. అప్పుడు అచ్చుతప్పులు దిద్దుచు కూర్చున్నవాడు ఉపాధ్యాయుడు కాడు.

విద్యార్థులకొక మాట

ఈ విద్య ఉపాధ్యాయులకే కాదు. తోటివాని వ్యాసమును చదువునపుడు మీరును మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇందులో నేనింతవఱకు ఎఱుగని వస్తువు ఏది? ఏ వాక్యము వాడే వ్రాయగలడు, నేను వ్రాయలేను? వాడు చెప్పబోయి ఆగిపోయిన చోటు ఏది? ఈ మూడింటికి జవాబు చెప్పగలిగిననాడు మీరు నిజముగా చదివినవారగుదురు.

ఇంకొక సంగతి. పై చదువులకు విదేశములకు పోగోరువారికి ఈ వ్యాసములే ప్రవేశపత్రములగుచున్నవి. అమెరికాలోని అనేక కళాశాలలు దరఖాస్తుతోపాటు స్వీయవ్యాసమును కోరును. 'నీవెవరవు, ఏ అడ్డంకిని ఎట్లెదుర్కొంటివి' అని అడుగును. జాతిని బట్టి ప్రవేశములిచ్చు పద్ధతిని అచటి అత్యున్నత న్యాయస్థానము 2023 జూన్ 29న కొట్టివేసినప్పుడును, జాతి తన జీవితమునెట్లు తాకినదో విద్యార్థి వ్యాసములో వ్రాసినచో దానిని పరిశీలింపవచ్చునని చెప్పినది. ఇందులో మేలున్నది, ప్రమాదమును ఉన్నది. బాధ ఒక సరుకై, దానికి ధర కట్టువారు ఏర్పడినప్పుడు, ధర పలుకు బాధనే వ్రాయుటకు మనస్సు మొగ్గును. వ్రాయుడు, కాని కొనువాని కన్ను మీ కన్నుగా మార్చుకొనకుడు.

ఈ విషయమున మన తెలుగమ్మాయి ఒకతె దారి చూపినది. కాకినాడలో పెరిగి, అమెరికా పోయి, న్యూయార్కు నగరపు భూగర్భ రైళ్లలో కండక్టరుగా పనిచేసిన గిడ్ల సుజాత 2017లో ఇంగ్లీషున తన కుటుంబకథను ప్రకటించినది. అంటరాని కుటుంబమున పుట్టిన తన కష్టమునే చెప్పుకొనక, విప్లవకవి శివసాగరుగా పేరొందిన మేనమామ సత్యమూర్తి కథను, ఉపాధ్యాయినియైన తల్లి కథను ఆమె చెప్పినది. తాతల నాటి దారిని వెదకి చూచినది. కష్టము ఒక్కరిది కాదు, దాటుటయు ఒక్కరి వలన కాదు అను సత్యము ఆ పుస్తకపు నిర్మాణములోనే కలదు. స్వీయవ్యాసమును చదువునపుడు 'నేను' అను మాట వెనుక ఎందరున్నారో చూచుట పాఠకుని పని.

జాషువా కవికి 1964లో 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. 1970లో పద్మభూషణ బిరుదము వచ్చినది. 1971 జూలై 24న ఆయన కన్నుమూసిరి. ఏటేట సెప్టెంబరు 28న ఆయన చిత్రపటమునకు పూలదండ వేసి, నాలుగు పద్యములు రాగయుక్తముగా చదివి, సెలవు తీసికొందుము. అది గౌరవమే, కాని జవాబు కాదు. ఆయన వ్రాసినది సందేశము. సందేశమునకు దండ వేయుదురా? ప్రత్యుత్తరము వ్రాయవలెను.

కనుక రాబోవు జయంతినాడు నరసరావుపేట, మాచెర్ల, గురజాల, వినుకొండ బడులలోనే కాదు, తెలుగు చదువు ప్రతి బడిలోను ఒక పని చేయవచ్చును. గబ్బిలములోని ఒక ఘట్టమును గాని, 'నా కథ'లోని ఒక భాగమును గాని తరగతిలో చదివి, ప్రతి విద్యార్థిచేతను ఆ కవికొక ఉత్తరము వ్రాయింపుడు. 'మీరు గొప్పవారు' అను వాక్యము అందులో ఉండరాదని ముందే చెప్పుడు. మీరు పంపిన కబురు మా ఊరికి చేరినది. ఆ తలుపు మా ఊరిలో తెరచినారు, లేక ఇంకను తెరువలేదు. ఇది నేను కన్నులార చూచినది అని వ్రాయుమనుడు. ఆ ఉత్తరములను ఉపాధ్యాయుడు చదువవలెను. చదివి, ఒక్కొక్కదాని క్రింద ఒక్కొక్క ప్రశ్న వ్రాసి, తిరిగి ఇచ్చివేయవలెను.